మూడు కాళ్ళ స్టూలుకి పాతిక వేలా? ఆల్టో స్టూల్ 60 చిక్కుముడి విప్పితే

ఇంటికి చిన్న స్టూలు ఒకటి కొందామని ఆన్‌లైన్‌లో వెతికినవాళ్ళకి ఇది ఏదో ఒక రోజు కనిపించే ఉంటుంది. గుండ్రటి పలక, మూడు కాళ్ళు, లేత రంగు చెక్క, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫోటో. కింద ధర చూస్తే ఒక చోట రెండు మూడు వేలు, ఇంకో చోట పది వేలు, యూరప్ షాపుల్లో అయితే 250, 300 యూరోల దరిదాపుల్లో, అంటే రవాణా, కస్టమ్స్ ఏవీ కలపకుండానే మన పాతిక వేల పైమాట. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది అసలు, ఏది నకలు, నకలైతే కొనడం తప్పా, అసలుదానికి అంత ధర దేనికి, అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళలో సగం మంది "అది డిజైనర్ పీస్ అండీ" అని ఊరుకుంటారు, మిగతా సగం "అంతా బ్రాండ్ మోసం" అంటారు.

ఇద్దరూ ఆ స్టూలు కాలు ఎక్కడ వంగిందో సరిగ్గా చూడనివాళ్ళే. నన్నడిగితే ఈ వస్తువులో కొత్తదనమంతా ఆ వంపులోనే ఉంది. పేర్చడం ఎలా కుదిరింది, ధర ఎందుకు పెరిగింది, నకళ్ళని ఎలా పట్టుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ దారి అక్కడి నుంచే.

దీని పేరు స్టూల్ 60. గీసింది ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో, 1933లో. షాపులు దీన్ని "మిడ్ సెంచురీ" అరలో పెట్టి అమ్ముతాయి గానీ, ఆ ముద్ర అసలు అతికేది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ఫర్నిచర్‌కి. ఇది అంతకు ముందే పుట్టేసింది. యాభైల నాటి నార్డిక్ ఇళ్ళ ఫోటోల్లో కనిపించే ఆ లేత చెక్క, ఆ నిరాడంబరత, వాటికి దారి వేసినవాటిలో ఇదొకటి కాబట్టి అదే అరలో చేరిపోయింది. నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఎవరైనా 1950ల డిజైన్ అని గట్టిగా వాదిస్తే తప్ప.

ఆల్టో పుట్టింది 1898లో. ఆయన పని మొదలుపెట్టిన 1920ల్లో యూరప్‌లో కొత్త ఫర్నిచర్ అంటే ఉక్కు గొట్టం. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ బడిలో మార్సెల్ బ్రోయర్ 1925లో సైకిల్ హ్యాండిల్ చూసి గొట్టాన్ని వంచి కుర్చీ చేశాక అందరూ ఆ దారిలో పడ్డారు. ఆల్టో కూడా అలాంటివి కొని ఇంట్లో పెట్టుకున్నాడు, వాటిలో కూర్చున్నాడు, ఆ తర్వాతే విసుక్కున్నాడు. ఉక్కు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, వెలుతురుకి కళ్ళల్లోకి మెరుస్తుంది, గదిలో శబ్దాన్ని తిప్పికొడుతుంది. శీతాకాలం నెలల తరబడి సాగే దేశంలో ఇవి చిన్న ఫిర్యాదులు కావు. పైగా ఆయన అప్పుడు పైమియో అనే ఊళ్ళో క్షయ రోగుల ఆసుపత్రి కడుతున్నాడు. రోగి రోజంతా కూర్చునే కుర్చీ ఒంటికి చల్లగా తగిలితే ఎలా? దాంతో చెక్కకి వెనక్కి వచ్చాడు, కానీ ఉక్కు గొట్టం నేర్పిన పాఠం మరిచిపోకుండా వచ్చాడు. గొట్టం ఎక్కడ కావాలంటే అక్కడ వంగుతుంది, మూల దగ్గర అతుకు అక్కర్లేదు. చెక్కని కూడా అలా వంచగలమా అన్నదే ఆయన వెంటపడిన ప్రశ్న.

చేతిలో ఉన్న చెక్క బర్చ్. ఫిన్లాండ్‌లో అడవి ఎటు చూసినా ఉంటుంది, అందులో బర్చ్‌కి కొదవ లేదు. (మన పాత గ్రంథాల్లో వినిపించే భూర్జపత్రం దీని హిమాలయ చుట్టం బెరడే.) గట్టి చెక్కే, నున్నగా వస్తుంది, కానీ దళసరి కమ్మీని లంబకోణంలో వంచమంటే మాత్రం విరుగుతుంది. ఏ చెక్కయినా అంతే. వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుపోతుంది, బయటి వైపు సాగాలి, చెక్క సాగదు, కాబట్టి పీచు చిట్లుతుంది.

దీనికి అప్పటికే రెండు మందులున్నాయి. ఒకటి ఆస్ట్రియాలో తోనెట్ కంపెనీ వాడినది: బీచ్ చెక్కని ఆవిరిలో మెత్తబెట్టి, బయటి వైపు సాగకుండా లోహపు పట్టీ బిగించి వంచడం. 1859 నాటి వాళ్ళ నంబర్ 14 కెఫే కుర్చీ అలా పుట్టిందే, మన పాత ఇరానీ హోటళ్ళలో కనిపించే వంపు కుర్చీలు ఆ వంశానివే. అందులో వంపులు గుండ్రంగా, ఒయ్యారంగా వస్తాయి, చటుక్కున తిరిగే మూల రావడం కష్టం. రెండోది ప్లైవుడ్ పద్ధతి, పల్చటి పొరలకి జిగురు రాసి అచ్చులో పెట్టి నొక్కేయడం. పైమియో ఆసుపత్రి కుర్చీలో ఆల్టో వాడింది అదే. బాగానే ఉంటుంది, కానీ కాలు మొత్తం పొరలే అవుతుంది, జిగురు ఖర్చు, పని ఖర్చు.

తూర్కు ఊరి దగ్గర ఒట్టో కోర్హొనెన్ అనే ఆయనకి ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఉండేది. ఆల్టో, కోర్హొనెన్ కలిసి ఏళ్ళ తరబడి చెక్కని వంచి, విరిచి, మళ్ళీ వంచి చూశారు. డిజైన్ చరిత్రల్లో ఒక్క పేరే మిగలడం మామూలే గానీ, ఈ కాలు విషయంలో కోర్హొనెన్ పేరు పక్కన రాయకపోతే అన్యాయం. వాళ్ళు తేల్చిన పద్ధతి ఇలా ఉంటుంది. కాలు గట్టి బర్చ్ కమ్మీయే, ఒకే ముక్క. వంగాల్సిన చివర మాత్రం, పీచు నడిచే దిశలోనే, రంపంతో వరసగా సన్నటి చీలికలు కోస్తారు. ఇప్పుడు ఆ చివర దువ్వెన పళ్ళలా ఉంటుంది. ఒక్కో చీలికలోకి జిగురు రాసిన వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, దూరుస్తారు. వేడి, ఒత్తిడి పెట్టి లంబకోణంలో వంచుతారు. ఇక్కడ జరిగేది గమనించండి: దళసరి కమ్మీ ఒక్కటిగా వంగితే విరుగుతుంది, అదే పది పల్చటి పట్టీలైతే ఒక్కోటి విడిగా వంగుతుంది, ఒకదాని మీద ఒకటి కొంచెం జారుతుంది, ఎవరికీ పెద్దగా సాగాల్సిన అవసరం రాదు. జిగురు ఆరాక ఆ పట్టీలన్నీ మళ్ళీ ఒకే ముద్దయిపోతాయి, ఇక వెనక్కి నిటారు కావు. వంపులో పొరలు, వంపు దాటగానే కిందంతా మామూలు గట్టి చెక్క. దీనికి పేటెంట్ కూడా తీసుకున్నారు. ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి అందరూ ఎల్ కాలు అంటారు.

మీరు మామూలు చెక్క స్టూలు తిరగేసి చూడండి. పలక కింద ఒక చట్రం ఉంటుంది, కాళ్ళు ఆ చట్రంలోకి దూరతాయి, చాలాసార్లు కాళ్ళ మధ్య కింద ఇంకో అడ్డపట్టీ కూడా ఉంటుంది. ఎందుకంటే నిలువు కాలు, అడ్డ పలక కలిసే చోటే స్టూలుకి ప్రాణగండం. కూర్చున్నవాడు అటూ ఇటూ కదిలితే బరువంతా ఆ అతుకునే పీకుతుంది. వడ్రంగికి ఆ సంగతి తెలుసు కాబట్టే చట్రం వేస్తాడు, అడ్డపట్టీ వేస్తాడు. ఎల్ కాలులో ఆ ప్రమాదకరమైన మూల దగ్గర అతుకే లేదు, చెక్కే అక్కడ తిరిగింది. పైన అడ్డంగా తిరిగిన భాగాన్ని పలక అడుగుకి స్క్రూలతో బిగిస్తే చాలు. చట్రం పోయింది, అడ్డపట్టీ పోయింది.

చట్రం, పట్టీ పోయాయి కాబట్టే స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కాళ్ళ మధ్య కింద అడ్డం ఏదన్నా ఉంటే పై స్టూలు దిగేది ఎలా? ఇక్కడ కాళ్ళు పలక అంచుకన్నా కాస్త బయటికి ఉంటాయి. పై స్టూలు కాళ్ళు కింది స్టూలు పలకకి బయట వైపు నుంచి జారతాయి, కింది కాళ్ళ పక్కన కాస్త పక్కకి తిరిగి నిలబడతాయి. దాని మీదది ఇంకాస్త తిరుగుతుంది. అలా పేర్చుకుంటూ పోతే కాళ్ళన్నీ మెలి తిరిగిన గోపురంలా కనిపిస్తాయి. కంపెనీ ఫోటోల్లో ఆ మెలి చూసి అందం కోసం అలా పెట్టారనుకుంటాం, వేరేలా పెడితే అసలు ఎక్కవు.

నిజానికి పేర్చడానికి ఇంకో సులువైన ఉపాయం లోకంలో ఉంది, మనం రోజూ చూసేదే. ఫంక్షన్ హాల్లో, టిఫిన్ బండి దగ్గర ఉండే ప్లాస్టిక్ స్టూలు. దాని కాళ్ళు కిందికి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటాయి, లోపలంతా బోలు, కాబట్టి ఒకదాన్ని ఒకటి తొడుక్కుంటాయి. మధ్యలో చిల్లు ఎందుకంటే, బోలు వస్తువులు గట్టిగా తొడుక్కున్నప్పుడు మధ్యలో గాలి చిక్కి ఊడిరావు, ఆ చిల్లులోంచి గాలి ఆడుతుంది, వేలు పెట్టి ఎత్తుకోవడానికీ పనికొస్తుంది, అచ్చు పోసేటప్పుడూ ఉపయోగమే. హైదరాబాద్ కెఫేల్లో విరివిగా కనిపించే రేకు స్టూళ్ళది కూడా ఇదే కిటుకు. వాటి మూలరూపం ఫ్రాన్స్‌లో గ్జావియే పోషార్ అనే రేకు పనివాడు పెట్టిన టోలిక్స్ కంపెనీది, అదీ 1930ల సరుకే. రేకుతోనో ప్లాస్టిక్‌తోనో అయితే బోలుగా చేయడం తేలిక. చెక్కతో, అదీ నిటారు కాళ్ళతో, పేర్చగలిగేలా చేయడమే కష్టం. ఆల్టో స్టూలుని ప్లాస్టిక్ స్టూలుతో పోల్చి వెక్కిరించేవాళ్ళున్నారు. పేర్చడం ఒక్కటే కావాలంటే ప్లాస్టిక్‌దే గెలుపు, అందులో మొహమాటం ఏమీ లేదు.

ఇక మూడు కాళ్ళ సంగతి. ఇది సగం నిజం, సగం అపోహగా తిరుగుతున్న విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం. మూడు కాళ్ళు ఉంటే నేల ఎలా ఉన్నా ఊగదు, ఇది పూర్తిగా నిజం. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి, నాలుగోది వచ్చాకే తగాదా. మట్టి నేలలు, గచ్చు అరుగులు ఉన్న రోజుల్లో మన ఇళ్ళల్లో ముక్కాలిపీట ఉండటానికి కారణం కూడా అదే. అయితే ఊగకపోవడం, పడిపోకపోవడం ఒకటి కావు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

పలక మధ్య నుంచి ఒక్కో కాలుకి దూరం 18 సెంటీమీటర్లు అనుకుందాం. మూడు కాళ్ళనీ గీతలతో కలిపితే త్రికోణం వస్తుంది. మీ బరువు ఆ త్రికోణం లోపల పడినంతసేపు స్టూలు నిలబడుతుంది, బయట పడితే ఒరుగుతుంది. మధ్య నుంచి ఆ త్రికోణం అంచుకి, రెండు కాళ్ళ నడుమ దిక్కులో, దూరం ఎంతంటే సరిగ్గా సగం, 9 సెంటీమీటర్లు. అదే నాలుగు కాళ్ళైతే చతురస్రం, అంచు దాదాపు 12.7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మూడు కాళ్ళ స్టూలు మీద రెండు కాళ్ళ మధ్య అంచున కూర్చుంటే, పలక మీదే ఉన్నారు గానీ త్రికోణం బయట ఉన్నారు. పెద్దవాళ్ళు మామూలుగా కూర్చుంటే ఏమీ కాదు, కాళ్ళు నేల మీద ఆనుతాయి కదా. పిల్లలు అంచు పట్టుకుని ఎక్కబోయినప్పుడు, మనం దాని మీద నిలబడి ట్యూబ్‌లైట్ మార్చబోయినప్పుడు గొడవ. అటక మీద సామాను దించడానికి దీన్ని వాడొద్దు, దయచేసి నిచ్చెన తెచ్చుకోండి. ఆల్టోవాళ్ళకీ ఈ సంగతి తెలుసు, అందుకే ఇదే కాలుతో నాలుగు కాళ్ళ ఇ60 స్టూలు కూడా చేశారు. ఇంట్లో చిన్న పిల్లలుంటే నేనైతే నాలుగు కాళ్ళదే కొనమంటాను, ఫోటోలో మూడు కాళ్ళంత ముచ్చటగా ఉండదు, ఉండకపోనీ.

స్టూలు మొదట పెద్ద ఎత్తున చేరింది ఒక లైబ్రరీలోకి. వీపురి అనే ఊళ్ళో ఆల్టో కట్టిన సిటీ లైబ్రరీ 1935లో తెరిచారు. యుద్ధంలో ఆ ఊరు సోవియట్ యూనియన్ చేతికి పోయింది, ఇప్పుడు రష్యాలో వీబోర్గ్. భవనం చాలాకాలం పాడుబడి, ఆనక ఏళ్ళ తరబడి సాగిన మరమ్మతులు 2013కి పూర్తయ్యాయి. స్టూలు మాత్రం అంతకు ముందే దేశం దాటింది. 1933 నవంబరులో లండన్‌లో ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణంలో ఆల్టో ఫర్నిచర్ ప్రదర్శన పెట్టారు, ఆ సరుక్కి బ్రిటన్‌లో గిరాకీ పుట్టింది. ఆర్డర్లు వస్తున్నాయి గానీ ఆల్టోకి వ్యాపారం పట్టేది కాదు, ఉత్తరాలకి సరిగ్గా జవాబులిచ్చే మనిషి కాదు. చివరికి 1935లో ఆయన, ఆయన భార్య ఐనో ఆల్టో, కళాపోషకురాలు మైరే గులిక్సెన్, కళా విమర్శకుడు నిల్స్ గుస్తావ్ హాల్, ఈ నలుగురూ కలిసి హెల్సింకిలో ఆర్టెక్ కంపెనీ పెట్టారు. ఐనో కేవలం ఆల్టో గారి భార్య కాదు, స్వయంగా ఆర్కిటెక్ట్, ఆర్టెక్ డిజైన్ పనీ, తర్వాత కంపెనీ మొత్తమూ నడిపిన మనిషి. 1938లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా ఆల్టో పనిని ప్రదర్శనగా పెట్టింది. ఆ తర్వాత కాలు మీద ప్రయోగాలు ఆగలేదు, రెండు ఎల్‌లు కలిపిన వై కాలు 1940ల్లో, విసనకర్రలా విచ్చుకునే ఎక్స్ కాలు 1954లో వచ్చాయి. అసలు మిడ్ సెంచురీ ఆల్టో స్టూలు కావాలంటే ఆ 1954 నాటి ఎక్స్600 అన్నమాట. చాలా అందమైనది, ఖరీదు మరీ ఘోరం.

2013లో ఆర్టెక్‌ని స్విట్జర్లాండ్‌కి చెందిన ఫర్నిచర్ కంపెనీ విట్రా కొనేసింది. మరుసటి ఏడాది ఆర్టెక్, కోర్హొనెన్ ఫ్యాక్టరీని తనలో కలుపుకుంది. స్టూలు ఇప్పటికీ ఫిన్లాండ్‌లోనే చేస్తున్నారు. ధర ఎందుకంత అంటే, ఫిన్లాండ్ కూలి, పదుల ఏళ్ళు పెరిగిన బర్చ్, కాలుకి పట్టే పని, పైన బ్రాండ్ లాభం. చివరిది ఎంత అని మీరు లెక్కేసుకోండి, తక్కువేమీ ఉండదు. ఇందులో ఇంకో తిరకాసు, నిన్నమొన్నటి దాకా మచ్చ లేని తెల్లటి చెక్కే వాడేవారు, ముడులున్నది, పురుగు గీతలున్నది పక్కన పెట్టేవారు. 2023లో స్టూలుకి 90 ఏళ్ళు నిండినప్పుడు ఇటలీ డిజైనర్లు ఫార్మాఫాంటాస్మాతో కలిసి ఆ మచ్చల చెక్కతోనే ఒక రకం తెచ్చారు. పర్యావరణం పేరుతో మంచి పనే, దానికీ మళ్ళీ ప్రీమియం ముద్రే. ఏం చేస్తాం.

ఇప్పుడు నకళ్ళ గొడవ. తెలుగువాళ్ళకి ఇది బాగా దగ్గరి విషయం, ఎందుకంటే ఐకియా భారతదేశంలో మొదటి దుకాణం తెరిచింది 2018 ఆగస్టులో, హైదరాబాద్ హైటెక్ సిటీలోనే. ఐకియా ఎన్నో ఏళ్ళు ఫ్రోస్టా అనే స్టూలు యూరప్‌లో 20 యూరోల లోపే అమ్మేది. నాలుగు కాళ్ళు, బర్చ్, పేర్చుకోవచ్చు, దూరం నుంచి చూస్తే ఆల్టో ఇ60నే. తర్వాత దాన్ని ఆపేసి మూడు కాళ్ళ క్యూరే తెచ్చారు. అంతర్జాలంలో పేరు లేని లేత చెక్క స్టూళ్ళు ఇంకెన్నో. ఇవి దొంగ సరుకా?

చట్టం దగ్గర రెండు విషయాలు కలిపేస్తే తల తిరుగుతుంది, విడదీసి చూడాలి. వస్తువు ఆకారాన్ని పోలినట్టు చేయడం ఒకటి, వేరేవాళ్ళ పేరు పెట్టి అమ్మడం ఇంకొకటి. రెండోది ఎక్కడైనా మోసమే. ఆర్టెక్ ముద్ర వేసి ఆర్టెక్ చేయనిది అమ్మితే అది ట్రేడ్‌మార్క్ కేసు, అందులో వాదన లేదు. మొదటిది దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో ఒక ఫర్నిచర్ డిజైన్‌ని కోర్టు సృజనాత్మక కృతిగా ఒప్పుకుంటే దానికి కాపీరైట్ దాన్ని గీసినవాళ్ళు చనిపోయాక 70 ఏళ్ళు ఉంటుంది. ఆల్టో పోయింది 1976లో, అంటే 2046 దాకా. బ్రిటన్‌లో పెద్ద ఎత్తున తయారయ్యే వస్తువులకి ఈ రక్షణ 25 ఏళ్ళకే పరిమితమై ఉండేది, 2016లో దాన్ని ఎత్తేశారు, అంతదాకా జోరుగా నడిచిన అక్కడి రెప్లికా దుకాణాలకి అది పెద్ద దెబ్బ.

మన దేశంలో లెక్క వేరు. డిజైన్స్ చట్టం 2000 ప్రకారం ఆకారాన్ని రిజిస్టర్ చేయించుకుంటే 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5, మొత్తం 15. రిజిస్టర్ చేయించుకోగలిగీ చేయించుకోకపోతే? కాపీరైట్ చట్టం 1957లో 15వ సెక్షన్ చూడండి. హక్కుదారు ఆ డిజైన్‌తో ఫ్యాక్టరీ పద్ధతిలో 50కి మించి వస్తువులు చేశాడంటే అక్కడితో ఆ డిజైన్ మీద కాపీరైట్ ఆగిపోతుంది. దీని వెనక ఆలోచన సూటిగానే ఉంది: గోడకి పెట్టుకునే చిత్రానికి ఒక న్యాయం, ఫ్యాక్టరీలో లక్షల్లో చేసే వస్తువుకి ఇంకో న్యాయం, రెండో రకానికి తక్కువ కాలం రక్షణ, తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. తొంభై ఏళ్ళ నుంచి లక్షల్లో తయారవుతున్న స్టూలు విషయంలో ఈ లెక్క ఎటు తేలుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఒక వడ్రంగి మూడు కాళ్ళ గుండ్రటి స్టూలు చేసి తన పేరుతో అమ్ముకుంటే దొంగతనం అనడం నాకు నచ్చదు. దాన్నే "ఒరిజినల్ ఆల్టో" అని పది వేలకి అంటగడితే మాత్రం చిరాకు. అమ్మేవాళ్ళు "ఇన్‌స్పైర్డ్", "రెప్లికా", "స్కాండినేవియన్ స్టైల్" లాంటి మాటలు వాడారంటే అది ఆర్టెక్‌ది కాదనే అర్థం చేసుకోండి. లైసెన్స్ అని రాస్తే ఎవరిచ్చారో అడగండి.

పేరు, ముద్ర అన్నీ పక్కన పెట్టి చేత్తో పట్టుకుని తేల్చడానికి మళ్ళీ వంపు దగ్గరికే రావాలి. కాలుని పక్క నుంచి చూడండి. వంపులో సన్నటి గీతలు కనిపించి, నిలువు భాగంలోకి కాస్త దిగి, అక్కడ ఆగిపోయి, కింద ఒకే గట్టి చెక్కగా ఉంటే అది ఎల్ కాలు పద్ధతి. గీతలు పైనుంచి పాదం దాకా నడిచాయంటే కాలు మొత్తం పొరలు అతికించి చేసింది. చవక రకాలు ఎక్కువగా ఇలాంటివే, ఇది చెడ్డ పనేమీ కాదు, బలంగానే ఉంటుంది, పొరలకీ జిగురుకీ నాణ్యత ఉంటే చాలా ఏళ్ళు వస్తుంది. వంపు దగ్గర గీతలే లేకుండా, ఏటవాలుగా ఒక్క గీత కనిపించిందంటే రెండు ముక్కల్ని మూల దగ్గర అతికించారు. ఇది మాత్రం కొనకండి. ఎల్ కాలు ఏ అతుకునైతే తీసేసిందో ఆ అతుకునే మళ్ళీ తెచ్చిపెట్టి, చట్రం మాత్రం వేయకుండా వదిలేశారన్నమాట. నాలుగు నాళ్ళు పోయాక ఆ మూల విడుతుంది.

మన ఇళ్ళకి ఇది పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి కాస్త నిష్ఠూరంగానే జవాబు చెప్పాలి. ఎత్తు 44 సెంటీమీటర్లు, భోజనాల బల్ల కుర్చీకి ఇంచుమించు సమానం, కాబట్టి చుట్టాలొచ్చినప్పుడు బల్ల దగ్గర సరిపోతుంది. పలక 35 సెంటీమీటర్ల పైచిలుకు, సోఫా పక్కన టీ కప్పు, పుస్తకం పెట్టుకోవచ్చు. నాలుగు స్టూళ్ళు ఒక్క స్టూలు చోటులో నిలబడతాయి, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇది చిన్న సంగతేం కాదు. వీపుకి ఆనుడు లేదు, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మనో తాతయ్యనో దీని మీద కూర్చోబెట్టడం మర్యాద కాదు, వాళ్ళకి చేతులున్న కుర్చీ వేయండి.

అసలు టెన్షన్ బర్చ్‌తో. చల్లటి దేశపు చెక్క, తేమని తట్టుకోదు, చెదలకి ఇష్టమైన భోజనం. టేకులో సహజంగా ఉండే రక్షణ దీనికి లేదు. విశాఖలోనో మచిలీపట్నంలోనో బాల్కనీలో పెడితే ఒక వానాకాలం చాలు, నల్ల మచ్చలు వస్తాయి. ఇంట్లో పెట్టినా మనం రోజూ తడిబట్టతో గచ్చు తుడుస్తాం కదా, కాలు అడుగున చెక్క పీచు చివరలు తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు పీల్చేది అక్కడే. తుడిచే ముందు స్టూళ్ళు ఎత్తి పెట్టడం, లేదా అడుగున వార్నిష్ రెండు పూతలు వేసి ప్లాస్టిక్ బుడిపెలు బిగించడం, ఈ రెంటిలో ఏదో ఒకటి చేయాలి. ఫెల్ట్ ముక్కలు అంటించమని యూరప్ వాళ్ళు చెబుతారు, అవి మన తడి గచ్చు మీద నీళ్ళు పట్టుకుని ఇంకా హాని చేస్తాయి. పలక విషయంలో వెనీర్ కన్నా లామినేట్ రకం మనకి మేలు, పసుపు మరక, టీ మరక తుడిస్తే పోతుంది. లినోలియం (అవిసె నూనెతో చేసే నున్నటి పొర) పలక చేతికి ఎంతో హాయిగా ఉంటుంది గానీ వేడి గిన్నె పెట్టే ఇంట్లో దాన్ని చూస్తూ చూస్తూ పెట్టకండి.

పాతిక వేలు పెట్టొచ్చా అంటే, నా లెక్క ఇది. పేర్చుకునే నాలుగు స్టూళ్ళు కావాలి, వాడుకుందాం అనుకునేవాళ్ళు పొరల కాలు స్టూళ్ళు కొనుక్కోండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి, ఒక వస్తువు కొని పిల్లలకి ఇచ్చేదాకా వాడే అలవాటు ఉన్నవాళ్ళు అసలుదే కొన్నా తప్పు లేదు, ఎందుకంటే దానికి పాతదైనా ధర పలుకుతుంది. ఆర్టెక్ 2006 నుంచి సెకండ్ సైకిల్ పేరుతో బడుల్లో, ఆఫీసుల్లో దశాబ్దాలు నలిగిన తన పాత సరుకునే వెనక్కి కొని మళ్ళీ అమ్ముతోంది, రంగు పెచ్చులూడిన స్టూలు కొన్నిసార్లు కొత్తదానికన్నా ఎక్కువ పలుకుతుంది. హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకునేవాళ్ళకి ఆ పునర్విక్రయం లాభం అందదు, ఇక్కడ కొనేవాడు దొరకాలి కదా.

ఏది కొన్నా, విడి భాగాలుగా వస్తే కాళ్ళు బిగించేటప్పుడు పెట్టెలో వచ్చిన స్క్రూలే వాడండి. మెషీన్ పెట్టి ఒక్క ఉదుటున బిగిస్తే చెక్కలో మర అరిగిపోతుంది, చేత్తోనే తిప్పాలి. మూడు కాళ్ళకీ స్క్రూలు వదులుగా పెట్టుకుని, స్టూలు నేల మీద నిలబెట్టి, అప్పుడు ఒక్కోటి గట్టి చేయాలి. వేసవి వెళ్ళి వానలు మొదలైనప్పుడు ఒకసారి తిరగేసి చూడండి, చెక్క ఎండి తడిసేసరికి ఏదో ఒక స్క్రూ వదులవుతుంది. వదులైన చోట పొడవాటి స్క్రూ వేస్తానని ఎవరైనా అంటే వద్దనండి, పలక దళసరి తక్కువ, మొన పైకి పొడుచుకొస్తుంది. అదే రంధ్రంలో జిగురు రాసిన సన్నటి చెక్క పుల్ల దూర్చి, ఆరాక పాత స్క్రూనే బిగిస్తే సరిపోతుంది.